కుడికాలి జోడు

ఏడు నెలలపాటు నేను బిగించిన ఫిన్స్ ఒక్క జత కూడా నీళ్లలోకి వెళ్లలేదు. బిగించేదాన్ని, గోడకి ఆనించేదాన్ని. ఎవరైనా తీసుకోవడానికి వస్తున్నారంటే మళ్లీ విప్పేసేదాన్ని.

నేను పనిచేసేది ఒక డైవింగ్ స్కూల్లో. సిలిండరు లేకుండా, ఒట్టి ఊపిరి బిగబట్టి సముద్రంలోకి దిగడం నేర్పుతారు. అలా దిగేవాళ్లు కాళ్లకి తొడుక్కునే ఫిన్స్ చాలా పొడుగు, నిలబెడితే మనిషి నడుందాకా వస్తాయి. ఒక్కోటి రెండు ముక్కలుగా వస్తుంది. కాలు దూర్చే రబ్బరు బూటు ఒకటి, నీళ్లని తోసే పల్చటి పలక ఒకటి. బూటుని మేం జోడు అంటాం, పలకని రెక్క అంటాం. జోడుకి రెండు పక్కలా గాడి తీసిన రబ్బరు చేతులుంటాయి. రెక్క అంచుల్ని ఆ గాడుల్లోకి జారించి, అడుగు తగిలేదాకా దించాలి. వదులైతే ఊడుతుంది, బలవంతం చేస్తే రెక్క చిట్లుతుంది.

ఈ పని నాకెవరూ నేర్పలేదు. ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. వాళ్ల భాష నాకు తెలీదు. చేతులు చూసేదాన్ని, అంతే.

ఆ వారం స్కూలు సారు నా బల్ల దగ్గరకొచ్చి నెమ్మదిగానే అన్నారు. "పైడితల్లీ, శనివారం ఎనిమిది మంది వస్తున్నారమ్మా. ఈ పని నువ్వు చేస్తావా, వేరే మనిషిని చూసుకోనా? కోపం కాదు, చెప్పు."

శుక్రవారం చెబుతానన్నాను. అప్పటికే మానేద్దామని అనుకుని ఉన్నాను. ఆ మాట ముందు ఎల్లాజీ తాతకి చెప్పాలని వెళ్లాను.

తాత అంటే మా తాత కాదు. పేటలో అందరికీ తాతే. సముద్రంలో రాళ్లని పట్టుకుని ఉండే ఆలుచిప్పలు కోసుకొచ్చేవాడు. యాభై ఏళ్లు ఒట్టికాళ్లతో, చేతిలో ఇనప చువ్వతో, నడుముకి వల సంచితో దిగాడు. ఎడమ చెవి ఆ నీళ్లకే పోయింది. ఏం చెప్పాలన్నా కుడిపక్క కూర్చుని చెప్పాలి. వినడం ఇష్టం లేనప్పుడు ఆయనే ఎడమ చెవి మనవైపు తిప్పేస్తాడు.

నన్నూ మా అన్న నూకరాజునీ నీళ్లలో దించింది ఆయనే. నేర్పడమంటే కూర్చోబెట్టి చెప్పడం ఏమీ ఉండదు. అన్నకి పదిహేనేళ్లప్పుడు, రెండు నిమిషాలు ఊపిరి ఆపగలనని పేటంతా చెప్పుకు తిరిగాడు. తాత దగ్గరికొచ్చి కూడా చెప్పాడు. తాత ఒక బుట్టెడు చిప్పలు తెచ్చి వాడి ముందు కుమ్మరించాడు. "మంచిదేరా. ఇయ్యి ఒలిసీ, ఆకలేత్తంది" అన్నాడు. వాడు సాయంత్రందాకా ఒలిచాడు. వేళ్లు కోసుకుపోయాయి. రెండు నిమిషాల మాట మళ్లీ ఎత్తలేదు.

తాత నోటితో చెప్పిన నియమం ఒక్కటే ఉంది. దిగిన మనిషి పైకి రాగానే మూడు ఊపిర్లు తీసుకోవాలి. తర్వాత, పడవలోంచి కిందకి వదిలిన తాడు పై కొస పట్టుకున్నవాళ్ల పేరు పిలవాలి. పేరు పిలిచేదాకా పైనవాళ్లు తాడు వదలకూడదు. "పేరొచ్చినాదంటే బుర్రకి గాలొచ్చినట్టు" అనేవాడు.

అన్న పైకొచ్చి, మూడు ఊపిర్లు తీసి, నన్ను ఎగాదిగా చూసి "ఎవరే నువ్వు?" అనేవాడు. తాత తెడ్డు ఎత్తేవాడు. అప్పుడు నవ్వుతూ "పైడీ" అనేవాడు.

ఏప్రిల్లో పోయాడు. అదీ చెప్పాలి.

అన్న రెండేళ్లు ఎదురుచూసిన జత ఆ పొద్దున్నే పార్సిల్లో వచ్చింది. కార్బన్ రెక్కలు, నల్లగా, అద్దంలా మెరుస్తున్నాయి. అన్న ఆ రోజు పన్నెండు బారల లోతు, అంటే డెబ్భై అడుగుల పైనే, దిగాలనుకున్నాడు. అప్పటిదాకా పది దాటలేదు. తాత పడవ అప్పటికే నీళ్లలో ఉంది.

"గాలి తిరిగేలోపు దిగిపోవాలే పైడీ. పావుగంటలో బిగించెయ్యవే, నా బంగారం కదూ" అన్నాడు.

ఎడమది బాగానే దిగింది. కుడిది సగంలో బిగుసుకుపోయింది. మోకాలితో అదిమిపెట్టి నొక్కినా కదల్లేదు. వీడియోలో ఆ మనిషి రెక్క అంచుల్ని ఒక గిన్నెలో ముంచడం చూశాను. గిన్నెలో ఏముందో నాకు తెలీదు. జారడానికేదో అనుకున్నాను. కిటికీలో నా కొబ్బరినూనె సీసా ఉంది, తలకి రాసుకునేది. గాడిలో వేలితో రాశాను. రెక్క వెన్నలోకి దిగినట్టు దిగిపోయింది. నా తెలివికి నాకే ముచ్చటేసింది. అన్నకి చూపించి "చూశావా, ఎనిమిది నిమిషాలే" అన్నాను.

ఆ గిన్నెలో ఉన్నది సబ్బునీళ్లని తర్వాత తెలిసింది. సబ్బు తడిగా ఉన్నంతసేపే జారుతుంది. ఆరాక రబ్బరు రెక్కని పట్టేసుకుంటుంది, ఇక వదలదు. నూనె ఆరదు. గాజులమ్మే ఆవిడ బిగుతు గాజుకి సబ్బు రాస్తుంటే చిన్నప్పట్నుంచీ చూస్తూనే ఉన్నాను. అయినా ఆ పొద్దున తోచలేదు.

తాడు నా చేతుల్లో ఉంది. అడుగున అన్న లాగిన లాగు వచ్చింది, అంటే పన్నెండు బారలు ముట్టుకున్నాడు. తాత నావైపు చూసి కనుబొమ్మ ఎగరేశాడు. తర్వాత అన్న నీళ్లలో నీడలా పైకొస్తూ కనిపించాడు. ఎడమకాలికి పొడుగాటి రెక్క ఉంది. కుడికాలికి ఒట్టి జోడు. ఒంటికాలితో తన్నుకుంటూ పక్కకి ఒరిగిపోతున్నాడు. ఇంకో రెండు బారలు ఎక్కితే బయటపడేవాడు. అక్కడ చేతులు మెత్తబడ్డాయి. కొట్టుకోలేదు, ఏమీ లేదు. నిద్రపోయేవాడిలా తల వాల్చి కిందకి పోయాడు.

నేను అరిచేలోపే తాత నీళ్లలో ఉన్నాడు. అన్నని తెచ్చాడు. పడవలో పడుకోబెట్టి చేయాల్సినవన్నీ చేశాడు. నేను తాడు వదల్లేదు. మూడు ఊపిర్ల కోసం చూశాను. పేరు కోసం చూశాను.

గుండెల్లో గాలి అయిపోయిందన్నారు. ఆశపడి లోతుకి పోయాడన్నారు. ఆ గింజులాటలో రెక్క ఊడిపోయి ఉంటుందన్నారు. నేనూ అలాగే అన్నాను. అందరూ అంటుంటే వాళ్లతోపాటు తల ఊపాను.

ఇంట్లో అమ్మ నూనె సీసా తెచ్చి నా వెనక కూర్చుంటే లేచి వెళ్లిపోతాను. "జుట్టు చీపురయిపోయిందే తల్లీ" అంటుంది. అన్న పోయిన బెంగ అనుకుంటుంది. అమ్మకి ఇప్పటికీ తెలీదు. అమ్మకి చదువు రాదు కాబట్టి ఇది రాయగలుగుతున్నాను.

తాత దగ్గరికి వెళ్లేసరికి ఇసుకలో కూర్చుని వల బాగుచేస్తున్నాడు. కుడిపక్కకి వెళ్లి కూర్చున్నాను.

"తాతా, ఫిన్స్ బిగించే పని మానేస్తన్నాను."

"మానీ."

ఎందుకని అడుగుతాడనుకున్నాను. అడగలేదు. ముడి బిగించి, దారం పళ్లతో తెంపాడు.

"మానీసే ముందు నాకో జత బిగించి ఇచ్చీసి మానీ" అన్నాడు.

నాకు నవ్వు రాబోయింది. ఫిన్స్ వేసుకున్నవాళ్లని బాతులని వెక్కిరించే మనిషి. "నీకెందుకు తాతా? నీ జన్మలో రబ్బరు తొడగలేదు కదా."

"ముసిలోణ్ణయిపోనాను గుంటా. కాళ్లు లాగేత్తన్నాయి. ఈ వయసులో బాతునైతే తప్పేటి?"

"వేరేవాళ్ల చేత బిగించి తెస్తాను."

ఎడమ చెవి ఇటు తిప్పాడు. ఇక మాట్లాడి లాభం లేదు.

తాత కాలు కొలిచాను. చెప్పు ఎరగని కాలు, విసనకర్రలా విచ్చుకున్న వేళ్లు. చిటికెన వేలికి గోరు లేదు, ఎప్పుడో రాయి తినేసింది. స్కూల్లో ఉన్న అతిపెద్ద జోడు తెచ్చాను. పాత ఫైబరు రెక్కలు ఒక జత సారుని అడిగి తెచ్చాను. ఎవరికని ఆయన అడిగితే తాతకన్నాను. ఆయన నవ్వి "ఇంక స్కూలు మూసెయ్యొచ్చు" అన్నారు.

తాత ఇంటి అరుగు మీదే పని పెట్టుకున్నాను. వేడినీళ్లలో జోళ్లు నానబెట్టాను, రబ్బరు మెత్తబడాలి. సబ్బు అరగదీసి నురగ చేశాను. గాడిలో పూశాను. ఎడమది దించాను. కుడిది చేతిలోకి తీసుకుని అలాగే కూర్చుండిపోయాను.

తాత గుమ్మంలో కూర్చుని చిప్పలు గీకుతున్నాడు. నా వైపు చూడట్లేదు. చాలాసేపటికి "నీళ్లు సల్లారిపోతన్నాయి" అన్నాడు.

దించాను. అడుగు తగిలిన చప్పుడు వినిపించింది. వెంటనే బయటికి లాగేశాను. మళ్లీ దించాను. మళ్లీ లాగాను. ఆ రోజు ఎన్నిసార్లో తెలీదు. అరచేతులు బొబ్బలెక్కాయి. తాత ఒకసారి లేచి కొత్త వేడినీళ్లు పోశాడు. ఇంకోసారి సబ్బుముక్క అరిగిపోతే లోపల్నుంచి తన ఒంటిసబ్బు తెచ్చి పక్కన పెట్టాడు.

"అయినాదేటి?"

"కాలేదు తాతా."

"మంచిది" అని చిప్పల దగ్గరికి పోయాడు.

రెండోరోజు సాయంత్రం ఆఖరిసారి దించి, లాగకుండా చేతులు వెనక్కి తీసుకున్నాను. ఇంక లాగే ఓపిక లేదు. ఒక రాత్రి, ఒక పగలు ఆరాలని చెప్పాను. తాత రెండింటినీ తీసుకెళ్లి చూరుకి వేలాడదీశాడు. ఊపి చూడలేదు. లాగి చూడలేదు. నేను కనిపెట్టి చూశాను, వేలితో కూడా తట్టలేదు.

శుక్రవారం పొద్దున్న సముద్రం చదునుగా ఉంది. తాత పడవ తోస్తూ నన్ను కేకేశాడు. ఇద్దరమే వెళ్లాం. చిప్పల రాయి దగ్గర లంగరు వేశాడు. అక్కడ లోతు అయిదు బారలు. ఆయన వయసుకి అదీ తక్కువేం కాదు. తాడుకి బారకొక గుడ్డపీలిక కట్టి ఉంది. దాని కొస నీళ్లలోకి జారవిడిచి, పడవ అంచున కూర్చుని, ఎడమకాలికి ఫిన్ తొడుక్కున్నాడు. కుడిదానికోసం చెయ్యి చాపాడు.

నేను ఇవ్వలేదు. ఒళ్లో పెట్టుకుని పట్టుకున్నాను.

"తాతా, ఒకసారి లాగి చూడు."

"ఎందుకు?"

"నేను బిగించాను కాబట్టి."

చెయ్యి అలాగే చాపి ఉంచాడు. అప్పుడు చెప్పేశాను. పార్సిలు, పావుగంట, సగంలో ఆగిన రెక్క, కిటికీలో సీసా. వెన్నలా దిగిందని కూడా చెప్పాను. ఎనిమిది నిమిషాలని గొప్పగా చూపించానని కూడా. నాకు ఏడుపు రాలేదు. ఏడు నెలలుగా లోపల లోపల ఎన్నిసార్లు చెప్పుకున్నానో, అదే వరసలో వచ్చేసింది.

తాత కుడి చెవి నావైపే ఉంది. అంతా విన్నాడు.

తర్వాత వంగి, పడవ ముందరి అరలోంచి ఒక మూట తీశాడు. పాత వలగుడ్డ చుట్టి ఉంది. విప్పితే నల్లటి రబ్బరు జోడు. కుడికాలిది. రెక్క లేదు. ఒక పక్క గాడి దగ్గర రబ్బరు ఉబ్బి, మెత్తబడి, వంకర తిరిగి ఉంది. లోపల, మడమ ఉండే చోట, అన్న ఇంటి దగ్గరే బాల్‌పెన్నుతో గీసుకున్న 'నూ' అనే అక్షరం.

ముక్కు దగ్గరికి తీసుకెళ్లనక్కర్లేదు. మక్కిపోయిన కొబ్బరినూనె వాసన.

"ఆ దినం ఆడి కాలినుంచి తీసినపుడు నా సెయ్యంతా నూనె" అన్నాడు తాత.

"అయితే నీకు తెలుసు."

"తెలుసు."

"ఏడు నెలలు." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఏడు నెలలు తెలిసి, ఒక్క మాట అనలేదు. తిట్టలేదు. పదిమందిలో తల ఊపుతుంటే చూస్తా ఊరుకున్నావు. ఎందుకు తాతా?"

ఎడమ చెవి ఇటు తిప్పాడు.

నాకు కోపం వచ్చింది. ఆ మనిషి మీద ఎప్పుడూ రానంత కోపం. ఒళ్లోంచి ఫిన్ తీసి సముద్రంలోకి విసిరేద్దామనుకున్నాను. ఈలోగా ఆయనే నా ఒళ్లోంచి దాన్ని తీసుకున్నాడు. లాగి చూడలేదు. కాలు దూర్చాడు, మడమ సర్దుకున్నాడు. అన్న జోడుని మళ్లీ వలగుడ్డలో చుట్టి, అరలో పెట్టాడు.

"తాడు పట్టు" అన్నాడు.

"నేను పట్టుకోను. నా వల్ల కాదు. వేరే ఎవరినైనా..."

ఆయన చుట్టూ చూశాడు. కనుచూపుమేర నీళ్లు, ఒక పిట్ట కూడా లేదు.

"ఇక్కడింకెవులున్నారే?"

తాడు పై కొస నా చేతిలో పెట్టాడు. నాలుగు పెద్ద ఊపిర్లు తీసి, అయిదోది లోపలే ఉంచుకుని దిగిపోయాడు.

తాత ఫిన్స్‌తో దిగడం చూస్తే ఇంకో రోజైతే నవ్వేదాన్ని. మొదటి బార దాకా కాళ్లు ఎటు పోతున్నాయో ఆయనకే తెలీలేదు. తర్వాత సర్దుకున్నాడు. రెండు రెక్కలూ ఒకదాని వెనక ఒకటి నెమ్మదిగా ఊగాయి. రెండో పీలిక. మూడో పీలిక. తర్వాత నీళ్లు ఆకుపచ్చగా చిక్కబడి, ఆయన కనిపించడం మానేశాడు.

అంకెలు లెక్కపెట్టాను. ముప్ఫై. తాడు వదులుగా ఉంది. నలభై. లాగకూడదు. కింద మనిషి లాగితే తప్ప పైనుంచి లాగకూడదు. యాభై. అరచేతి బొబ్బలు చిట్లి తాడు తడిసింది. అరవై దగ్గర చిన్న లాగు వచ్చింది. రాయిని ముట్టుకున్నాడు.

తర్వాత మళ్లీ ఏమీ లేదు. డెబ్భై అయిదు. ఎనభై. కింద ఆ చీకటి పచ్చలో నాకు అన్న మొహం తప్ప ఇంకేమీ కనిపించలేదు. అప్పుడు ఒక నీడ. మొదట ఎడమ రెక్క చూశాను. కుడికాలి వైపు చూడ్డానికి భయమేసింది.

చూశాను. రెక్క ఉంది.

రెండు బారల దగ్గరికొచ్చాడు. అక్కడ నేను ఊపిరి తీసుకోవడం మర్చిపోయాను. ఆయన ఆ చోటు దాటాడు. నెరిసిన తల నీళ్లని చీల్చుకుని బయటికొచ్చింది. పడవ అంచు పట్టుకున్నాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి, పెదాలు నల్లబడ్డాయి. వల సంచిలో మూడే చిప్పలు.

ఒక ఊపిరి.

రెండు.

మూడోది చాలాసేపు తీసుకున్నాడు. నేను తాడు వదల్లేదు.

"పైడీ" అన్నాడు.

అప్పుడు తాడు వదిలాను. ఆయన పడవలోకి ఎక్కి, కూర్చుని, మోకాళ్ల మీదికి వంగి కుడికాలి ఫిన్ ఊడదీశాడు. రబ్బరు ఒత్తుకుని కాలి మీద ఎర్రటి గీత పడింది. దాన్ని బొటనవేలితో రుద్దుకుంటూ ఫిన్ నా ఒళ్లో పెట్టాడు.

"కుడిది కాసింత బిగువు. రేపు సరిజేసి తే."